సర్దుకుపోని మనిషి

"అందరితో సర్దుకుపోయే మనిషి. నోట్లో నాలుక లేని మనిషి," అన్నాడు మైకు ముందు నిలబడ్డ టీవీ కంపెనీ పాత మేనేజరు.

ముందు వరసలో కూర్చున్న పెద్దావిడకు ఒళ్ళు మండింది. పోయినాయన ఆమె భర్త, వీధి మొత్తానికి రేడియో తాతయ్య. సంతాపసభ పెడతామంటే సరేనంది గాని, మనిషిని ఇలా ఉప్పూకారం లేకుండా చేసి సాగనంపుతారని అనుకోలేదు.

పక్కనున్న అక్క కూతురు చెయ్యి పట్టుకుంది. "ఊరుకో పిన్నీ. పోయినవాళ్ళ గురించి మంచే చెబుతారు."

"మంచి చెబితే ఊరుకుందునే. అబద్ధం చెబుతున్నాడు." విసురుగా లేచి మైకు లాక్కుంది. "ఆయన సర్దుకుపోయే రకం కాదండీ. నాతోనే సర్దుకోలేదు, మీతో ఏం సర్దుకుంటాడు?"

సభ గొల్లుమంది. ఆమె నవ్వలేదు.

సైన్యంలో ఆయన వైర్‌లెస్ మెకానిక్కు. యుద్ధంలో వెనక్కి తగ్గాల్సి వచ్చిన రోజున, చెడిపోయిన సెట్టు పగలగొట్టి వచ్చెయ్యమని పైవాళ్ళ ఆజ్ఞ. గుంటలో గాయపడ్డవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళను వదిలి కదలనన్నాడు. సెట్టు బాగుచేసి, బండి పంపమని కబురు పెట్టాడు. బండి వచ్చేలోపు పక్కనే గుండు పేలి ఎడమ చెవి పోయింది. ఇద్దరిలో ఒకడు బతికాడు. మాట విననందుకు అధికారి ఎడాపెడా చీవాట్లు పెట్టాడు.

"ఎడమ పక్క నిలబడి తిట్టాడట. ఈయనకు ఒక్క ముక్కా వినబడలేదు."

తర్వాత కంపెనీలో తనిఖీ పని. ఒకసారి వెనక రేకు ముట్టుకుంటే షాకు కొట్టే టీవీలు వచ్చాయి. పంపించెయ్యమన్నాడు మేనేజరు. "మీ ఇంటికైతే పంపిస్తాను," అని ఆయన పెట్టెలకు అడ్డంగా కూర్చున్నాడు. పనిలోంచి నిలిపేశారు.

"క్షమాపణ చెప్పి వచ్చారంటే గడప తొక్కనివ్వనని నేనే అన్నాను. ఆ మొండితనంలో నా వాటా కూడా ఉందండీ."

మర్నాటి నుంచి తోటివాళ్ళూ వాటి మీద తనిఖీ ముద్ర వెయ్యబోమని తెగేసి చెప్పారు. చివరికి ఆ టీవీలన్నీ విప్పి, వైర్లు మార్చారు. ఆయన్ను తిరిగి తీసుకున్నారు గాని మూల గదిలో పడేశారు. రిటైరయ్యేదాకా అక్కడే. ఒక్క మెట్టు పైకెక్కనివ్వలేదు.

"ఆ మేనేజరు ఎవరో నన్నడక్కండి. ఇప్పుడే మాట్లాడాడు."

తలలన్నీ అటు తిరిగాయి. మేనేజరు ముఖం కందగడ్డ అయింది. "నిజమే. నా మాట కాదన్నాడు. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు," అన్నాడు.

"పోకపోతే ఉంచుకో!" వెనక వరసలోంచి తనిఖీ బల్ల దగ్గర పనిచేసిన ముసలాయన అరిచాడు. "ఆ షాకు తిన్నది నువ్వా, నేనా?"

ఇంకెవరో అందుకున్నారు. మాటకు మాట పెరిగింది. కాసేపు మౌనం పాటిద్దామని సభ పెట్టినవాళ్ళు బతిమాలారు. విన్నవాడు లేడు. పెద్దావిడ కాసిని మంచినీళ్ళు తాగి, కొంగు బిగించి, మళ్ళీ మైకు అందుకుంది.