ఎనిమిదో పీలిక

నేను ఏడో తరగతిలో బడి మానేసిన మనిషిని. అందుచేత ఏడు దాకా నా లెక్క గట్టిది. ఆ పైన వచ్చే అంకెలకు నా పూచీ లేదు. ఇది తెలిసి కూడా మా బావ తన కారు ఇంజిన్ నా చేతికిచ్చాడంటే, మా ఇద్దరిలో తెలివితక్కువవాడు ఎవరో మీరే తేల్చుకోండి.

బావ అంటే మా అక్క భర్త. ఇద్దరం సూరత్ వచ్చింది సాంచాలు నడపడానికే. నేనింకా లింబాయత్‌లో ఆ మరమగ్గాల చప్పుడులోనే ఉన్నాను. ఆయనకు మాత్రం పన్నెండేసి గంటలు నిలబడి నిలబడి మోకాళ్లు పోయాయి. ఒక పాత కారు కొని కిరాయికి తిప్పుతున్నాడు. బేరాలు తగలని రోజులే ఎక్కువ. అలాంటప్పుడు అడాజన్‌లో ఒక పెద్దాయన, తన భార్యను వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తిప్పడానికి నెలవారీగా కారు మాట్లాడుకుంటానన్నాడు. ఆదివారం నాలుగింటికి మా గల్లీకే వచ్చి చూస్తాడట. "బానెట్ భీ ఖోల్ కే దేఖూంగా" అని, బానెట్ కూడా తీసి చూస్తానని ముందే చెప్పాడట. ఆ కిరాయి కుదిరితే బావ గట్టున పడతాడు. కుదరకపోతే మళ్లీ సాంచాల మధ్యకే, ఆ మోకాళ్లతోనే.

బానెట్ లేపితే మొదట కంటబడేది వాల్వ్ కవర్. ఇంజిన్ నెత్తిన మూకుడు బోర్లించినట్టు ఉంటుంది. బావ కారుకు దాని రంగు పెచ్చులు లేచి, జిడ్డు పట్టి, అడుగంటిన గిన్నెలా తయారైంది. మెకానిక్ నడిగితే వారం పడుతుందన్నాడు.

"గిది జూస్తే ఆ ముసలాయన ముందుగాల నిన్నే దవాఖానకు తీస్కపోతడు బావా. నాకు రెండు రోజులియ్యి, ఇంటికాడనే రంగేస్త" అన్నాను.

"నీకొస్తదా?"

"ఫోన్ల జూసిన."

"ఫోన్ల ఆపరేషన్లు గూడ జూపెడ్తరు. కత్తి వడ్తవా మరి?" అన్నాడు. అని, వేరే దారి లేక రెండు తాళంచెవుల్లో ఒకటి నా చేతిలో పెట్టాడు.

శనివారం పని ఎగ్గొట్టి గల్లీలోనే మొదలుపెట్టాను. బోల్టులు విప్పి కవర్ లేపగానే ఇంజిన్ లోగుట్టంతా బయటపడింది. దుమ్ము పడకుండా బొక్కలన్నీ మూయాలి. మా ఆవిడ ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అంటించే పని చేస్తుంది. ఆమె దగ్గర ప్రింటు చెడిపోయిన చీర ముక్క ఒకటి ఉంటే అడిగి తీసుకుని, ఏ బొక్కకు ఎంత కావాలో అంత పరపరా చింపి కుక్కేశాను. ఇంజిన్ మీద చద్దరు కప్పాను. తర్వాత కవర్‌కు మందు పూసి పాత రంగు గీకి, కిరోసిన్‌తో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ఎర్ర రంగు కొట్టాను. పొర మీద పొర, మూడు పొరలు. దాన్ని మా రేకుల కప్పు మీద ఎండలో పెట్టాను. వేసవిలో మా రేకుల మీద అప్పడం కాలుతుంది, రంగు ఆరడం ఒక లెక్కా!

ఆదివారం మధ్యాహ్నానికి పీలికలు లాగేశాను. కొత్త రబ్బరు వేసి, కవర్ కూర్చోబెట్టి, బోల్టులు బిగించి, గొట్టం తగిలించాను. తాళం తిప్పే ముచ్చట బావకే వదిలి, చేతులు కట్టుకుని నిలబడి చూసుకున్నాను. ముసలి ఇంజిన్ పెళ్లికొడుకులా ఉంది.

మా ఆవిడ పీలికలు ఏరుకోవడానికి వచ్చింది. ఏరి, ఆగింది.

"ఇంకోటేదయ్యా?"

"ఏడున్నయ్. సరిగ్గ లెక్కవెట్టు."

"నేనిచ్చిన ముక్కకు రెండు దిక్కుల అంచుండె. వీటిల ఒక దిక్కుదే ఉన్నది."

"అంచు లేకుంటే ఏమాయె? నువ్వేమన్న కట్టుకుంటవా?"

ఆమె గడప ముందు నేల ఊడ్చి, పీలికలను ఒక్కొక్కటే పరిచింది. మాది నేత ఇల్లు. చిరిగిన గుడ్డను ఏ పోగు దగ్గర తెగిందో ఆ పోగుకు తెచ్చి ఆనించడం మా ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. పువ్వు పువ్వుతో, తీగ తీగతో కలిసిపోయింది. ఏడు ముక్కలూ కలిశాక ఒక పక్కన ఖాళీ మిగిలింది. రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు. అంచు ఉండాల్సిన చోట గల్లీ నేల కనిపిస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇంజిన్ ముందువైపు ఒక గొలుసు తిరుగుతూ ఉంటుంది. అది కిందికి దిగే సందులో కూడా నేను గుడ్డ కుక్కాను. ఒక పీలిక అందులోకి జారి ఉంటే, ఇంజిన్ తిరిగిన మరుక్షణం గొలుసు దాన్ని నమిలి, పట్టు తప్పి, ఇంజిన్‌ను లోపల్లోపలే విరగ్గొడుతుంది.

సరిగ్గా అప్పుడే బావ వచ్చాడు. పెద్దాయన కోసం కొత్త చొక్కా వేసుకున్నాడు. బానెట్ కింద ఎర్రగా మెరుస్తున్న కవర్ చూసి ముఖం వెలిగింది. "అరే బామ్మర్దీ!" అంటూ నేరుగా వెళ్లి సీట్లో కూర్చుని, తన దగ్గరున్న తాళంచెవి పెట్టాడు.

పుట్టి బుద్ధెరిగాక ఆగని నా నోరు అప్పుడు ఆగింది.

"అన్నా, తిప్పకు!" మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన మణికట్టు పట్టేసుకుంది. "గుడ్డ పీలిక ఒకటి కనవడ్తలేదు. లోపలున్నదేమో."

బావ దిగాడు. నేల మీది గుడ్డను చూశాడు, ఆ ఖాళీని చూశాడు, నన్ను చూశాడు.

"ఎన్ని వెట్టినవ్?"

"తీసినయైతే ఏడు..."

"వెట్టినయి ఎన్నిరా?"

"లెక్కవెట్టలే బావా."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. కొత్త చొక్కా చేతులు పైకి మడిచి పానా అందుకున్నాడు. అప్పటికి మూడు దాటింది. గొట్టం పీకి, బోల్టులన్నీ మళ్లీ విప్పి కవర్ లేపాము. గొలుసు సందులోకి ఫోన్ లైటు వేసి ఇద్దరం తలలు ఆనించి చూశాము. నల్లగా నూనె మెరవడం తప్ప ఏమీ లేదు.

"ఇంక కిందికి వడ్డదేమో. అట్లయితే ఇంజిన్ దించాలె" అన్నాడు. అది ఒక పూటలో అయ్యే పని కాదు.

మా ఆవిడ పీలికలు తెచ్చి నా ముందు పెట్టింది. "ఏ ముక్క ఏ బొక్కల వెట్టినవో, మళ్ల వెట్టి సూపియ్యి."

ఒక్కొక్కటే పెట్టాను. ప్లగ్గుల గుంతల్లో నాలుగు. గొలుసు సందులో ఒకటి. నూనె కిందికి దిగే బొక్కలో ఒకటి. ఆరు. ఏడోది చేతిలో మిగిలింది.

"ఇది?"

"ఇది ఇంజిన్‌ది గాదు, కవర్‌ది. నూనె వోసే మూతికాడ. రంగు లోపల వడకుండ కుక్కిన."

"మరి కవర్‌కు ఇంకేం బొక్కలున్నయ్?"

నేను కవర్ వైపు చూశాను. పక్కకు పొడుచుకొచ్చిన సన్నటి గొట్టం మూతి ఒకటి ఉంది. గంట క్రితం దాని మీదికి రబ్బరు గొట్టం తొడిగింది నేనే. లోపలికి చూడకుండా తొడిగింది కూడా నేనే.

బావ ఆ మూతిలోకి లైటు వేశాడు. ఎర్రగా ఉంది. గుడ్డకు కూడా మూడు పొరలు రంగు వేసిన మహానుభావుణ్ణి నేను. అది కవర్‌లో కవర్‌గా కలిసిపోయింది. మా ఆవిడ రాళ్లు అంటించే చిమటా తెచ్చి కొస పట్టుకుని లాగింది. వచ్చింది, ఇంకా వచ్చింది, జానెడు వచ్చింది. మిగతావి ఇంజిన్‌లోంచి తీసి మళ్లీ నేల మీద పేర్చి, దీన్ని ఆ ఖాళీలో ఆనించింది. పోగుకు పోగు కలిసింది. రెండో అంచు దొరికింది.

"ఇంజిన్ ఊపిరి ఇడిసేది గీన్నుంచేరా" అన్నాడు బావ మెల్లగా. "గిది మూస్కుంటే నూనె సందు దొరికిన కాడికల్ల తన్నుకొస్తది. ఆ పెద్దమనిషి బానెట్ తీసి వంగి జూస్తుండంగ..."

నన్ను పక్కకు జరిపి, బోల్టులన్నీ తనే బిగించాడు. నాలుగుకు పది నిమిషాలు ఉందనగా తాళం తిప్పాడు. ఇంజిన్ గుర్రుమని ఆగిపోయింది. ఆ కొన్ని క్షణాల్లో నేను మొక్కని దేవుడు లేడు. రెండోసారి అందుకుంది. నూనె ఎక్కడైనా చెమ్మగిల్లుతుందేమోనని ఎర్ర కవర్ చుట్టూ మూడు తలలు వంగాయి. చుక్క కారలేదు.

పెద్దాయన ఆటోలో దిగి, అన్నట్టే బానెట్ లేపించాడు. "ఎంజిన్ నవు నఖావ్యు?" కొత్త ఇంజిన్ వేయించావా అని గుజరాతీలో అడిగాడు.

"నహీ కాకా, ఖాలీ కలర్" అన్నాడు బావ, రంగు మాత్రమే వేశామని. ఆయనకు అబద్ధం ఆడటం రాదు.

పెద్దాయన ఆ కొత్త చొక్కా మీది నూనె మరకల వైపు కాసేపు చూశాడు. "ఖుద్ హాథ్ లగాతే హో. అచ్ఛా హై. కల్ సే ఆ జావ్" అన్నాడు. సొంతంగా చెయ్యి పెడతావన్నమాట, మంచిదే, రేపట్నుంచి వచ్చెయ్ అని.

పది రోజుల తర్వాత అదే కారులో బావ పక్కన కూర్చున్నాను. తాళంచెవికి ముడేసిన గుడ్డ పీలిక ఒకటి వేలాడుతోంది. కొస ఎర్రగా ఉంది, పక్కన చీర అంచు.

"ఏంది బావా, దిష్టి తగలకుండనా?"

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"గాదు బామ్మర్దీ. నువ్వు తగలకుండ."