పెంచలన్న పక్క సీటు

మా పెంచలన్నకు ఈ లోకంలో ఏ టైరు మీదా నమ్మకం లేదు. కొత్తదైనా పాతదైనా దాని ముందు గొంతుక్కూర్చుని, బొటనవేలితో ఒత్తి చూసి, పెద్ద నిట్టూర్పు విడిచి "ఖలాస్" అంటాడు. ఒకసారి మా షాపు ముందు ఆగిన పోలీసు బండి టైరును కూడా ఒత్తి ఖలాస్ అన్నాడు. పోలీసాయన దిగి తనూ ఒత్తి చూసుకుని, పాపం, దిగులుగా వెళ్లిపోయాడు.

నా పేరు మునాఫ్, మాది రాయచోటి. కువైట్‌లోని దజీజ్‌లో టైర్ల షాపులో ఫిట్టర్ని. పెంచలన్నది మా పక్క పల్లె. కువైటీ ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి అబ్బాయి లండన్‌కు చదువుకోవడానికి పోతూ తన పసుపుపచ్చ స్పోర్ట్స్ కారును ఈయన నెత్తిన పెట్టిపోయాడు. అతను తిరిగొచ్చేదాకా దాన్ని వారం వారం తిప్పాలి, లేకపోతే పాడవుతుంది. గీత పడిందా, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఈయన్ను ఊరికి పంపేస్తాడు.

మొదటి వాన పడగానే మా షాపుకొచ్చి కూలబడ్డాడు.

"నా బతుకు ఖలాస్‌రా మునాఫూ."

"ఏమైందన్నా?"

"రోడ్డు మీద నూనె, నీళ్లు కలిసి జారతాండాది. సిగ్నల్ కాడ బ్రేకు తొక్కితే కారు నిలబడల్యా. పక్క బండాయప్ప దగ్గర దాకా పోయి సలాం చెప్పి వచ్చింది."

"ఇవి ఎండాకాలం టైర్లన్నా. చలికి రబ్బరు గట్టిపడతాది, పట్టు ఉండదు."

"అయితే మంచులో తిరిగే టైర్లు చూపించు."

"కువైట్‌లో మంచు యాడుందన్నా?"

"నా ఖర్మకు పడినా పడతాది."

ఆ రోజు ఆయనతో పాటు సంజీవమ్మ కూడా వచ్చింది. ఆ ఇంట్లోనే వంట చేస్తుంది. ఆమె మొగుడు సుబ్బన్న వఫ్రాలో దోసకాయల తోటలో పని చేస్తాడు. ఇద్దరూ ఒకే దేశంలో ఉండి కూడా ఏడాదిగా ఒకరి ముఖం ఒకరు ఫోన్‌లోనే చూసుకుంటున్నారు. వఫ్రాకు బస్సులు అంతంతమాత్రం. ఒంటరిగా పోతానంటే వాళ్ల మామా, అంటే ఇంటి యజమానురాలు, ఒప్పుకోదు.

"ఎట్లయినా ఈ కారు తిప్పాల్సిందే గదన్నా," అంది సంజీవమ్మ. "ఒక్కసారి వఫ్రా పక్క తిప్పు. ఆయప్పను కండ్లారా చూసొస్తా."

"ఈ టైర్ల మీదనా? నువ్వు సుబ్బన్నను చూసేది కాదు, సుబ్బన్నే వచ్చి మన శవాలను చూడాల."

ఆమె కళ్లు తుడుచుకుంటూ బయటికి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"తీసుకపోతే నీ సొమ్మేం పోతాదన్నా?" అని నిలదీశాను.

ఆయన వినిపించుకుంటేగా! షాపులో ఉన్న టైర్లన్నీ నా చేత కిందికి దింపించాడు. ఒత్తాడు, వాసన చూశాడు, చెవి పెట్టి విన్నాడు కూడా. నా నడుము విరిగాక, చలికీ వానకూ పనికొచ్చే లోతైన గాడులున్న టైర్లు నాలుగు తీసి పక్కన పెట్టాడు.

"ఇవీ ఖలాసే. అయినా ఎక్కించు."

"కొత్తవి గదన్నా, మొదట్లో మెల్లగా తిప్పు. పైనున్న నునుపు పోవాల."

"అంటే వీటికి అలవాటు కావాల్నంటావు," అన్నాడు ఏదో ఆలోచిస్తూ.

తర్వాత చాలా రోజులు మనిషి కనపడలేదు. ఒకరోజు షాపుకు ఫోన్ వచ్చింది. ఆ ఇంటి మామా. అరబ్బీ కలిసిన హిందీలో నేరుగా అడిగింది.

"కొత్త టైర్లు అలవాటు కావాలంటే ప్రతి శుక్రవారం వఫ్రా దాకా నడపాలా?"

నేను పానా కింద పెట్టి ఫోను చెవికి గట్టిగా ఆనించాను.

"డ్రైవరు ఒక్కడే కూర్చుంటే బరువు ఒకపక్కే పడి టైర్లు అరుగుతాయట. అందుకని పక్క సీట్లో సంజీవమ్మను కూర్చోబెడుతున్నాడు. నిజమేనా?"

నేను నిజం చెబితే పెంచలన్న ఊరికి పోతాడు, సంజీవమ్మకు మళ్లీ ఫోనే గతి.

"ఐవా, అవును మేడమ్. పక్కన మనిషి లేకపోతే ఈ టైర్లు ఆగవు."

"వచ్చేటప్పుడు డిక్కీ నిండా దోసకాయలు ఎందుకు?"

"వెనక బరువుకు మేడమ్."

అవతల నుంచి నవ్వు వినబడింది.

"అయితే ఇకనుంచి పొద్దున్నే పోయి సాయంత్రం రమ్మను. టైర్లు బాగా అలవాటు కావాలి."

మర్నాడే పెంచలన్న దిగాడు. ముఖం మాత్రం అలాగే వేలాడుతోంది.

"నాకు తెలీకుండా ఇంత నడిపినావా అన్నా? మరి ఆ పొద్దు ఆయమ్మను ఎందుకు ఏడిపించినావు?"

"ఆ పాత టైర్లు నిజంగానే ఖలాస్ గదరా! ఆయమ్మను వాటి మీద ఎక్కించి చంపమంటావా? సుబ్బన్నకు నేనేం జవాబు చెప్పాల?"

ఇన్నాళ్లూ ఆయన్ను తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"చలి పోతాండాదిరా. టైర్లు అలవాటైపోయినాయి, ఇంక చాలంటాది మామా. అప్పుడు అంతా ఖలాస్."

నేను లోపలికి పోయి కొత్త ఎండాకాలం టైర్లు నాలుగు దొర్లించుకొచ్చి ఆయన ముందు పెట్టాను. గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలితో ఒత్తాడు. నిట్టూర్చాడు.

"ఇవీ ఖలాసే," అన్నాడు. "ఎక్కించు. అలవాటు కావడానికి చానా శుక్రవారాలు పడతాయని మామాకు నువ్వే చెప్పు."