ఎస్తేరు టీచర్ చేసిన సూర్యుడు

మొన్న నా బండి మొరాయించి, మెదక్ నుంచి నర్సాపూర్‌కు బస్సులో పోవలసి వచ్చింది. పెళ్లిళ్ల రోజులు. బస్సు నేను ఎక్కలేదు, వెనకవాళ్లు ఎక్కించారు. ఒక కాలు నేల మీద, రెండోది ఎవరిదో సంచి మీద. సరిగ్గా నా ముక్కు కింద ఎవరో చిన్నపిల్ల తల, అప్పుడే పెట్టిన కొబ్బరినూనె గుప్పుమంటోంది. పక్కన ఇద్దరు ఆడవాళ్లు సీటు కోసం తిట్టుకుంటూనే ఒకరి మీద ఒకరు ఒరిగిపోతున్నారు. ఇంకెవరైనా అయితే విసుక్కునేవారు. నాకు నవ్వొచ్చింది. సూర్యుడి నడిమధ్య అచ్చం ఇలాగే ఉంటుందని నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చింది.

ఆమె ఎస్తేరు టీచర్. మెదక్‌లో మా ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. మనిషి పొట్టి. గొంతు మాత్రం ఆదివారం చర్చిలో పాటలు పాడీ పాడీ బలిసిన గొంతు. ఆమె క్లాసులో న్యూటన్ పేరెత్తితే బడి బయట జామకాయలమ్మే అవ్వకు కూడా వినిపించేది. మాకు సైన్సు గది లేదు. మధ్యాహ్న భోజనాల బియ్యం మూటలు పెట్టే రేకుల కొట్టమే మా ప్రయోగశాల. వాన పడితే మొదట మూటల మీద, తర్వాత మా మీద కారేది. మంచి గది ఒకటి కట్టించమని టీచర్ కనబడిన పెద్దమనిషినల్లా అడుగుతూ ఉండేది.

ఆమె క్లాసులో ఒకటే కట్టుబాటు. తెలియకపోతే తెలియదనాలి. అలా అన్న పిల్లను "శభాష్, కూసో" అనేది. గప్పాలు కొట్టిన పిల్ల మాత్రం ఆ గప్పాన్ని చివరిదాకా వివరించి గానీ కూర్చోవడానికి లేదు. ఒకసారి భాగ్య లేచి, నక్షత్రాలు కిరసనాయిలుతో మండుతాయని ధీమాగా చెప్పింది. టీచర్ కోప్పడలేదు. డబ్బా ఎక్కడ పెట్టారని అడిగింది. పోసేదెవరని అడిగింది. ఇన్ని కోట్ల ఏళ్లుగా పోస్తున్నవాడికి నడుం నొప్పి పుట్టలేదా అని అడిగింది. గంట కొట్టేసరికి భాగ్య ఏడుపూ నవ్వూ కలిపి, నాకు తెల్వదు టీచర్ అని కూలబడింది.

నక్షత్రాలు ఎలా వెలుగుతాయో ఆ మర్నాడు చేసి చూపించింది. అప్పుడు నాకూ భాగ్యకూ మాటల్లేవు. మామిడికాయ తొక్కు పంచుకునే దగ్గర తగవు. ఆ సంగతి టీచర్‌కు తెలుసు. మా ఇద్దరినే పిలిచి, మీరు హైడ్రోజన్లంది. హైడ్రోజన్ గుండెకాయలకు, అంటే కేంద్రకాలకు, ఒకదానికొకటి గిట్టదని, దగ్గరికొస్తే తోసుకుంటాయని చెప్పింది. దానికి మాకు నటన అవసరం పడలేదు. తర్వాత క్లాసంతటినీ మూటల సందులోకి తోలి, బస్సు కండక్టరులా బల్ల చరుస్తూ అరిచింది.

"ముందుకు జరుగుండ్రి, నడుమల మస్తు జాగ ఉంది."

అందరూ జరిగారు. నేనూ భాగ్యా చెంపలానించుకుని ఊపిరాడక నిలబడ్డాం. ఇంకో ఇద్దరిని మాతో చేర్చి నలుగురి మీదా ఒకే చున్నీ కప్పింది. సూర్యుడి బరువు లోపలి వాటిని ఇలాగే నొక్కుతుందట, ఆ వేడికి అవి కుదురుగా ఉండలేక ఢీకొంటాయట, నాలుగు హైడ్రోజన్లు కలిసి చివరికి ఒక హీలియం అవుతుందట. బయటికొచ్చి చూసుకుంటే నా జడ పిన్ను పోయింది. వెతకబోతే టీచర్ ఆపింది.

"గదే బిడ్డా. కల్సినంక తూకమేస్తే జరంత తక్కువొస్తది. ఆ తగ్గిందే మనకు ఎండ."

పిన్ను దొరకలేదు. ఇంట్లో అమ్మ అడిగితే ఎండయిపోయిందని చెప్పి వీపు మీద ఒకటి తిన్నాను. భాగ్యతో మాటలు మాత్రం ఆ రోజే కలిశాయి.

ఆ ఏడే మా పెద్దసారు శివ్వంపేట వైపు పటేలు ఒకాయనను పట్టుకొచ్చాడు. పొలాలున్నవాడు, రాజకీయాల్లో తిరిగేవాడు. పిల్లల ప్రదర్శన చూసి ముచ్చటేస్తే సైన్సు గది కట్టిస్తానన్నాడు. టీచర్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. సూర్యుడి ఆట ఆడించి, ఆ పద్ధతిలోనే నీళ్లలోని హైడ్రోజన్ నుంచి కరెంటు తీయాలని శాస్త్రజ్ఞులు పడుతున్న పాట్లు నాతో చెప్పించాలని నిశ్చయించింది. పెద్దసారు ఇదంతా కాగితం మీద రాసి, మైకు కట్టిన ఆటో అతనికిచ్చాడు. అతనికి అది మరీ పొడుగనిపించింది. నీళ్లతో కరెంటు తీస్తున్నారు, చూడ రండని ఊరంతా చాటాడు.

ఇక చూడండి. బోర్లున్న రైతులంతా బడికొచ్చి, కొట్టం ముందు వేసిన పందిరి కింద నిండారు. ఊరికే రాలేదు, ఎవరి బోరు నీళ్లు వాళ్లు సీసాల్లో పట్టుకొచ్చారు, ఎవరి నీళ్లలో ఎంత కరెంటుందో చూపించుకుందామని. పటేలు కూడా ఒక సీసా తెచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పెద్దసారు ముఖం మాడిపోయింది. టీచర్ మాత్రం ఇంతమంది సైన్సు వినడానికి రావడం తన సర్వీసులో చూడలేదని పొంగిపోయింది.

సూర్యుడి ఆట బాగా పండింది. నేను లేచి మిగతాది చెప్పాను. సూర్యుడికున్న బరువు మనకు లేదు కాబట్టి, ఇక్కడ సూర్యుడి నడిమధ్య కన్నా ఎక్కువ వేడి పుట్టించాలి. అంత వేడికి ఏ గిన్నే ఆగదు, అందుకే ఏ గోడకూ తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచుతారు. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. పటేలు సీసా ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. నా బోరుకేమో కరెంటు గావాలె, నీ కరెంటుకేమో నీళ్లు గావాలె. గా ముచ్చట సరే. గీ కరెంటు మా ఊరికి ఎప్పుడొస్తది?"

ఆయన వెనక నుంచి పెద్దసారు ఐదు వేళ్లు చూపించాడు. ఐదేళ్లనమని. ఆ ఒక్క మాటంటే గది వచ్చినట్టే. గోడలకు అల్మారాలు, కారని కప్పు, నీళ్లొచ్చే నల్లా, అన్నీ నాకు కళ్లముందు కనబడ్డాయి. టీచర్ వైపు చూశాను. ఆ గది నాకన్నా ఆమెకే ఎక్కువ కావాలి. కానీ ఆమె నాకు ఏ సైగా చేయలేదు, కొట్టం రేకుల వైపు చూస్తూ నిలబడింది. పటేలు వైపు తిరిగాను.

"తెల్వదు పటేలా. ఎవ్వరికీ తెల్వదు. ఇప్పటిదాక పెట్టిన కరెంటంత కూడ తిరిగి రాలేదు."

పటేలు నన్ను తేరిపార చూశాడు. తెల్వదని చెప్పనీకె గింత పందిరెందుకేసిండ్రని అడిగి లేచాడు. జనం గొల్లున నవ్వారు. ఆ ఏడు ఆయన బస్టాండు దగ్గర తన పేరు మీద చలివేంద్రం కట్టించాడు. మాకు గది రాలేదు, తర్వాత కూడా రాలేదు.

అందరూ పోయాక పెద్దసారు టీచర్ మీద విరుచుకుపడ్డాడు. పిల్లకు ఇన్నాళ్లూ నేర్పింది ఇదేనా అని అడిగాడు. గిదొక్కటే నేర్పిన సార్ అంది ఆమె. నేను మూటల మధ్య కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"గప్పాలు కొట్టి తెచ్చిన గదిల కూసోని మీకు సైన్సెట్ల చెప్తునే, పిచ్చిదానా?"

పటేలు మరిచిపోయిన సీసా పందిట్లో ఉంటే తెచ్చుకుని ఇద్దరం చెరిసగం తాగాం. కరెంటు సంగతేమో గానీ, తీయటి నీళ్లు.

టీచర్ పోయి కొన్నేళ్లయింది. నేనిప్పుడు కరెంటు ఇంజనీరును. ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ కాలిందంటే నా ఫోన్ ఊపిరి పీల్చుకోనివ్వదు. ఎప్పుడొస్తదని అడుగుతారు. గంటలో అంటే చాలు, వాళ్లూ ఊరుకుంటారు, నేనూ అన్నం తినొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది, పెదవి దాటదు. చూడకుండా తెల్వదు, పోయి చూసి చెప్త అంటాను. ఇక తిట్లు. ఇంజనీరువై ఉండి తెల్వదంటవా అంటారు. ఒక్కోసారి టీచర్ మీద ఒళ్లు మండుతుంది. ఎంత హాయిగా అబద్ధమాడుతూ బతికేదాన్నో కదా.

పోయిన వేసవిలో ఒక రైతు ఫోన్ చేశాడు. వరి పొట్ట మీదుంది, రేపోమాపో కంకి తీస్తుంది, మడి నీళ్లు లేక నెర్రెలు బాసింది, కరెంటు ఎప్పుడొస్తదని అడిగాడు. నాకు తెల్వదన్నాను. అతను ఫోన్ పెట్టకుండానే పక్కనున్న కొడుకుతో అనడం వినబడింది.

"ఈ మేడం తెల్వదన్నదంటె ఇయ్యాల రాదురా. నడువ్, ఆయిలింజను కిరాయికి తెద్దాం."

సాయంత్రం నేను చేరుకునేసరికి మడిలో నీళ్లు పారుతున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ పూర్తిగా కాలిపోయి ఉంది. ఆ గట్టు మీద నిలబడితే టీచర్ మీద బెంగ ముంచుకొచ్చింది, ఆపుకోలేక ఏడ్చేశాను. కరెంటు తేలేకపోయినందుకే ఇంజనీరమ్మ ఏడుస్తోందనుకున్నాడు ఆ రైతు. ఊకో మేడం, రేపొస్తది లే అని నన్ను ఓదార్చాడు.