నా చెలి మేకైన రోజు

నా చిన్నప్పుడు నాకు రెండు తెలుగులు ఉండేవి. ఒకటి ఇంట్లోది, ఒకటి పుస్తకంలోది. మా నాన్న రైల్వే ఉద్యోగం వల్ల మేం ఒడిశాలోని బరంపురంలో స్థిరపడ్డాం. ఇంట్లో అందరం ‘సెప్పు, సూడు’ అనేవాళ్ళం. బళ్ళో పంతులమ్మగారు మాత్రం ‘చ’ అనాల్సిన చోట ‘స’ అంటే ఊరుకునేవారు కాదు. అందుకని పద్యం చదవాల్సి వస్తే చాలు, ప్రతి ‘చ’నీ నొక్కి నొక్కి, ముందు వరసలో వాళ్ళ మీద తుంపర్లు పడేలా పలికేదాన్ని.

పక్కింటివాళ్ళు ఒడియావాళ్ళు. వాళ్ళమ్మాయి నా ఈడుదే. ఇద్దరం ఒకే రిక్షాలో బడికి వెళ్ళేవాళ్ళం, ఒకే జామకాయ కొరుక్కునేవాళ్ళం. దానికి తెలుగు వచ్చు గానీ అది మా వీధి తెలుగు. దాని పుట్టినరోజుకి ఏమిద్దామా అని ఆలోచించి, కొత్తగా నేర్చుకున్న ప్రాసతో ఒక కవిత కట్టాను. వాళ్ళ చుట్టాలందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడి చదివాను.

“చల్లగా వీచింది గాలి,
మెల్లగా రావే నా చెలి.”

రెండో అక్షరం కలిసింది, చివరి అక్షరం కూడా కలిసింది. ఇంకేం కావాలని గర్వంగా చూశాను. వాళ్ళ మామయ్య పగలబడి నవ్వాడు. ఒడియాలో గాళి అంటే తిట్టు, ఛెళి అంటే మేక. పుట్టినరోజు పిల్లని అందరి ముందూ ‘మెల్లగా రావే నా మేకా’ అని పిలిచానన్నమాట. దాని ముఖం కందగడ్డలా అయింది. ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి రిక్షాలో అది అటు తిరిగి, నేను ఇటు తిరిగి. చెలి అంటే స్నేహితురాలని చెబుదామంటే, మేక కాదనడానికి మళ్ళీ మేక మాట ఎత్తాలి. ఎత్తగానే ఏడుపు మొదలయ్యేది. ఇక జన్మలో నాతో మాట్లాడదని నాకు బెంగ పట్టుకుంది. అన్నం సయించలేదు.

మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. ఆవిడ నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు నవ్వాలి, లేదా లేచి వెళ్ళిపోవాలి. చింతపండు పిక్కలు తీస్తూ నా కథంతా విని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

“మనింటి మాటలాగ సెలి అనుంటే ఏ గొడవా నేకపోను. పంతులమ్మ ‘చ’ తెచ్చి దాన్ని మేకని సేసినావు,” అంది. ఇంకో పిక్క తీసి పడేసి, “ఆ మేకని తోలీకే గుంటా, ఉండనీ. బాగుంది. కాకపోతే ఈపాలి నువ్వే మేకవి అవ్వు,” అంది.

మొదటి పాదం విన్నవాళ్ళు రెండో పాదం ఎలా కలుస్తుందా అని చెవి ఒగ్గుతారట. సరిగ్గా అప్పుడు వాళ్ళు అనుకోనిదాన్ని తెచ్చి నిలబెట్టాలట. ఆ నవ్వు ఎవరి మీద పడాలో కూడా కట్టేవాళ్ళే చూసుకోవాలట. పిక్కలు తీస్తూనే ఇద్దరం గుమ్మం, అమ్మ, కొమ్ము అంటూ మాటలు వెతికాం. మర్నాడు నేను పక్కింటి తలుపు ముందు నిలబడి గట్టిగా చదివాను.

“గుమ్మంలో కూకుంది ఛెళి,
అమ్మచేత తిన్నాది గాళి,
కొమ్ముల్లేని ఛెళిని నేనే,
రమ్మనవే నన్ను, నా సెలి.”

లోపల్నించి చప్పుడు లేదు. మళ్ళీ చదివాను. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. చివరికి గొళ్ళెం తీసిన చప్పుడయింది. అది బయటికొచ్చి, నా వైపు చూడకుండా పెరట్లోకి వెళ్ళి, ఒక పనసాకు తుంచుకొచ్చి నా నోటి ముందు పెట్టింది. ముఖంలో నవ్వన్నది లేదు. చేసేదేముంది, నమిలాను. వగరుకి నా ముఖం వంకరపోయింది. అప్పుడు నవ్వింది, గుమ్మం మీద కూలబడి మరీ. నాకు ప్రాణం లేచొచ్చింది.

నవ్వించేవాళ్ళు ఆ మాటకి ముందు తమ మెడే ఒగ్గాలన్నది నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు మనవలకి నేను ప్రాస నేర్పుతున్నాను. మొదటి కవిత ఎవరి మీద కట్టాలని వాళ్ళు అడుగుతారు. మీ మీద కట్టుకోండి, అది రాకపోతే నా మీద కట్టండి అంటాను. వాళ్ళందరూ నా మీదే కడతారు, ఇసుమంత జాలి లేకుండా.