మల్లేశం పూడ్చిన శిలువ

సౌదీలో చర్చి ఉందని చదివితే మొదట నమ్మలేదు. ఇస్లాం రాకముందు తూర్పు క్రైస్తవులు కట్టుకున్నదట, జుబైల్ వైపు ఇసుకలో గోడలు ఇంకా నిలబడే ఉన్నాయట. దారి తెలిసినవాడు మల్లేశం ఒక్కడే దొరికాడు. జగిత్యాల మనిషి, గోడలకు గిలాబు, అంటే సిమెంటు పూత, వేసే మేస్త్రీ. చాలా ఏళ్ల కిందట అక్కడ కంచె వేసే పనికి వెళ్లాడు. అది చర్చి అని అతనికి తెలియదు. వచ్చే వారం ఫైనల్ ఎగ్జిట్ మీద సౌదీ పూర్తిగా వదిలి పోతున్నాడు, చివరిసారి ఊరెళ్లిన నాలుగేళ్లకు మళ్లీ ఇంటిముఖం చూడబోతున్నాడు. పోయేలోపు అక్కడ తన పనొకటి చూపిస్తానన్నాడు. ఫోర్‌మన్ చెప్పకుండా, మనసుపడి చేసిన పని అదొక్కటేనట.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు మేముండే అల్ అజీజియా నుంచి బయల్దేరాం. కారు కడప మస్తాన్‌ది, రానూపోనూ రెండు వందల రియాళ్లు. దమ్మామ్ దాటాక టీ తాగి, ఎనిమిదిన్నరకల్లా చేరాం. లోపలికి అనుమతి లేదు, కంచె బయటి నుంచే చూడాలి. పైకప్పు లేదు. ముంగిలి, అక్కడి నుంచి మూడు గదుల్లోకి మూడు గుమ్మాలు. గుమ్మాల పక్కన గోడలో ఒకప్పుడు శిలువలు పొదిగిన గుంటలు. శిలువలు ఎప్పుడో పోయాయి. అంచులు అరిగి, తెలియనివాళ్లకు మామూలు బొక్కల్లాగే ఉన్నాయి. ఫోన్‌లో ఈ గోడ పాత ఫొటో తెరిచి లెక్కపెట్టాను. ఫొటోలో నాలుగు, గోడ మీద మూడే.

నాలుగో చోటు నున్నగా ఉంది. మల్లేశం అటే వేలు చూపించాడు.

"గదే సారూ నా పని. గంత మంచి గోడకు బొక్కలు వడ్డయని పగటి బువ్వ మాని పూడ్చిన. మిగిలిన మూడిటికి సిమెంటు మాలు సాలలే."

నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టబోయి ఆగి, ఇది చర్చి, అవి శిలువలుండే చోట్లని చెప్పి, ఫొటో అతని చేతిలో పెట్టాను. అతను ఫొటోనీ గోడనీ రెండుమూడుసార్లు చూశాడు. మొహం పాలిపోయింది. ఫోన్ నాకిచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి కంచె ఎక్కబోయాడు, గీకేస్తానని. మస్తాన్ చొక్కా పట్టి లాగాడు.

"దిగన్నా. పోలీసులు పట్టుకుంటే నీ ఎగ్జిట్ ఆగిపోతాది. ఇంటికి ఎట్ల పోతావు?"

మల్లేశం దిగాడు. తిరుగు దారిలో దమ్మామ్ దగ్గర, పూడ్చిన రోజు సిమెంటు తక్కువై ఇసుక ఎక్కువ కలిపానని, గట్టి వానలు పడితే ఊడొస్తుందని అన్నాడు. ఆపైన ఇంకో మాట అన్నాడు.

"నా పని ఊడిపోవాలని మొక్కుడు గిదే మొదటిసారి సారూ."

ఇన్ని శతాబ్దాలు ఎడారి చెరపలేనిది, ఒక మంచి మనిషి మధ్యాహ్నం తిండి మానేసి చెరిపేశాడు. ఆ దిగ్భ్రమ నాకింకా తగ్గలేదు. అతని మీద కోపం మాత్రం నిలవలేదు. అతను విమానం ఎక్కాకే పురావస్తు శాఖకు ఉత్తరం రాశాను, అతని పేరు లేకుండా. జవాబు రాలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. చలికాలంలో, పొద్దున్నే వెళ్లండి, కంచె దాటకండి. గుమ్మాల పక్కన గుంటలు లెక్కపెట్టి, నాలుగు కనిపిస్తే కింద కామెంట్ పెట్టండి. మల్లేశం వారం వారం జగిత్యాల నుంచి ఫోన్ చేసి అడుగుతున్నాడు.