వెయిటింగ్ రూములో ఒక్కదాన్నే

ఎనభైల్లో మా వైపు చిన్న కాలేజీల్లో ఒక పద్ధతి ఉండేది. ఆడపిల్లలు లేడీస్ వెయిటింగ్ రూములోనే కూర్చోవాలి. లెక్చరర్ గారు క్లాసుకు వెళ్తూ ఆ గుమ్మం ముందు నుంచి నడుస్తారు. ఆయన వెనకే వెళ్ళి ముందు బెంచీలో కూర్చోవాలి, గంట కొట్టగానే ఆయన వెనకే బయటికి వచ్చేయాలి. నలుగురుంటే అదీ సరదాగానే ఉంటుంది. మా బి.ఏ.లో ఉన్నది ఇద్దరం. పర్చూరు నుంచి వచ్చే అమ్మాయి రెండో ఏడు ఒంగోలు కాలేజీకి మారిపోయింది. నేనొక్కదాన్నే మిగిలాను.

కాలేజీలో చేర్చేటప్పుడే మా నాన్న చెప్పాడు: "చూడమ్మా, నీ గురించి ఒక్క మాట నా చెవిన పడిందా, చదువు అక్కడితో సరి." దాంతో మగపిల్లలతో మాట్లాడే ప్రశ్నే లేదు. వాళ్ళూ పలకరించేవాళ్ళు కాదు. ఇంట్లో నా పేరు వాగుడుకాయ. కాలేజీలో మాత్రం నా నోట్లోంచి వచ్చేది 'ప్రెజెంట్ సార్' ఒక్కటే. మిరపకాయలు ఆరబోసే రోజుల్లో కిటికీ అవతలి కల్లాల నుంచి ఘాటు కొట్టేది. ఆ గదిలో నా మానాన నేను తుమ్ముకునేదాన్ని, చిరంజీవ అనే దిక్కు కూడా లేదు. ముందు నవ్వొచ్చేది, ఆనక ఏడుపొచ్చేది. ఎవరైనా ఒక్కరు నాతో మామూలుగా మాట్లాడితే చాలనిపించేది.

ఒకరోజు ఎకనామిక్స్ లెక్చరర్ గారు ప్రిన్సిపాల్ గది నుంచి అటునుంచి అటే క్లాసుకు వెళ్ళిపోయారు. నేను ఎదురుచూస్తూ కూర్చునే ఉన్నాను. కాసేపటికి వరండా చివర ఆయన పాఠం వినిపించింది. ఆడపిల్ల ఒంటరిగా క్లాసు గుమ్మం తొక్కడం మా దగ్గర ఎవరూ ఎరగరు. కానీ నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండితే నాకు మా నాన్న కూడా గుర్తుకు రాడు. పుస్తకాలు తీసుకుని విసవిసా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ఏమ్మా, ఇంత ఆలస్యమా?" అన్నారాయన.

"ఆలస్యం నాది కాదండి. మీరే నన్ను మర్చిపోయి వచ్చేశారు."

వెనక బెంచీ నుంచి ఒకడు, "ఒరేయ్, ఈ అమ్మాయి మాట్లాడుద్దిరా!" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఇంకొకడు, "రండి, మీ బెంచీ ఎవరూ ఎత్తుకుపోలేదులెండి," అన్నాడు. నేనూ నవ్వేశాను. అది ఎగతాళి కాదు, నాకు తెలుసు. ఆ పూటంతా కడుపు నిండినట్టుంది.

లెక్చరర్ గారు మాత్రం నవ్వలేదు, బాగా నొచ్చుకున్నారు. "పొరపాటు నాదేనమ్మా," అన్నారు అందరి ముందూ. చాలా మంచివారాయన. మర్నాటి నుంచి గుమ్మం దగ్గర ఆగి, "రామ్మా" అని పిలిచి, నేను లేచి వచ్చాకే కదిలేవారు. మిగతా లెక్చరర్లకూ చెప్పి పెట్టారు. మళ్ళీ వాళ్ళ వెనకే వెళ్ళడం, వాళ్ళ వెనకే రావడం. క్లాసులో మళ్ళీ ఎవరూ నాతో మాట్లాడలేదు.

ఇంకొక్కసారి మర్చిపోతే బాగుండునని డిగ్రీ అయ్యేదాకా ఆ గదిలో కూర్చుని రోజూ కోరుకున్నాను. ఆయన ఒక్కనాడూ మర్చిపోలేదు.