నాన్న బాగున్నాయన్నారు

కథ అబద్ధమా కాదా అన్నది మా ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా తేలలేదు. నా కథ ఏ వారపత్రికలోనో వచ్చినప్పుడల్లా అమ్మ ఒకే ప్రశ్న వేసేది.

"ఇది నిజంగా జరిగిందా?"

"లేదమ్మా."

"మరి అబద్ధమేగా."

కల్పన అని చదివేవాళ్ళకి ముందే తెలుసు కాబట్టి అబద్ధం కాదని నేను వాదించేదాన్ని. నాన్న మధ్యలోకి వచ్చేవారు కాదు. పోట్లాడటానికి ఆయనకు వేరే విషయాలుండేవి, ముఖ్యంగా పండ్లు.

ఈ ఏడాది ఎండలు మొదలవుతుండగా నాన్న పోయారు. పెద్దకర్మ రోజు ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కుర్చీలు వేశారు. ఆయన ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరని ఒకాయన మైకులో చెప్పాడు. ఆ గొంతు నాలుగో అంతస్తు నుంచి రోజూ విన్నవాళ్ళంతా తలలు ఊపారు. అమ్మ కూడా ఊపింది. దాన్ని ఎవరూ అబద్ధమనలేదు.

రెండు నెలల తర్వాత అమ్మతో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాను. మెట్రో మెట్ల కింద బత్తాయిల బండి పెట్టుకునే అతను నాన్నకు పాత పరిచయం. గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల నుంచీ ఇద్దరూ వారం వారం తగువు పడేవారు. బండి కనబడగానే అమ్మ కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. ఎండకేమో అనుకున్నాను.

"సార్ ఇయ్యాల గూడ రాలే?" అన్నాడతను.

"మోకాళ్ళ నొప్పులు బాబూ. మెట్లు దిగలేకపోతున్నారు," అంది అమ్మ.

కొంగు ఎండకి కాదని, బోసి మెడ కనబడకుండా ఉండటానికని అప్పుడర్థమైంది. ఎవరూ తినని బత్తాయిలు ఫ్రిజ్‌లో ఎందుకు పేరుకుంటున్నాయో కూడా. నాన్న ఇంకా బతికి ఉన్నది ఆ బండి దగ్గర ఒక్కచోటే.

నా వాదం ప్రకారం ఇది అచ్చమైన అబద్ధం. వినేవాడికి తెలియదు. అమ్మతో ఇన్నేళ్ళ తగువు అక్కడే గెలవొచ్చు. అమ్మ నా వైపు చూడకుండా కాయలు ఏరుతోంది. చేతిలో కాయ మాత్రం మారట్లేదు.

"పోయినసారి కాయలు ఎట్లున్నయన్నడక్కా సారు?" అని అతను నన్నడిగాడు.

"చాలా బాగున్నాయన్నారు."

కవరు నింపుతున్న అతని చెయ్యి ఆగింది. "సారా? బాగున్నయన్నడా?" నన్నూ అమ్మనూ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, నిజం చెప్పు. సార్‌కు తబియత్ మంచిగనే ఉందా?"

"దీని మొహం, దీనికేం తెలుసు," అంది అమ్మ. "సగం చప్పగా ఉన్నాయట. మిగతా సగం పులుపట. నీకసలు చూపు ఆనుతోందో లేదో కనుక్కు రమ్మన్నారు."

అతను హాయిగా నవ్వాడు. "గదీ! గట్లుండాలె సారంటే. జల్ది రమ్మను, ఆయన లొల్లి లేక బేరం సప్పగ నడుస్తుంది." ఒక కాయ కొసరు వేశాడు.

షేర్ ఆటోలో ఎల్బీనగర్ వచ్చాం. దిగాక అమ్మ సంచి నా చేతికిచ్చింది.

"మీ నాన్న జన్మలో ఏ కాయనైనా బాగుందన్నారటే? ఇన్నేళ్ళు కథలు రాశావు. ఏ మనిషి నోట ఏ మాట వస్తుందో తెలీదా?"

నా రచన మీద అమ్మ చేసిన మొదటి విమర్శ అది. సరైనదే కూడా.

"పై వారం నేనే మాట్లాడతాను," అంది. "నువ్వు సంచి పట్టుకో, చాలు."